ఆరు ఋతువుల బడి

శాంతినికేతన్‌లోని పాఠభవన్‌లో పాటకు, ఆటకు ఏడాది పొడవునా చోటుంది. అయిదుగురు పిల్లలతో మొదలైన ఈ బడి కథ ఇది.

పశ్చిమ బెంగాల్‌లోని బోల్‌పూర్ స్టేషన్‌లో దిగి, అక్కడివాళ్ళు ‘టోటో’ అని పిలిచే బ్యాటరీ రిక్షా ఎక్కితే కాసేపట్లో శాంతినికేతన్ చేరుకుంటాం. వచ్చేవాళ్ళలో చాలామంది విశ్వభారతి విశ్వవిద్యాలయం చూద్దామని, రవీంద్రనాథ్ ఠాగూర్ ఇళ్ళు చూద్దామని వస్తారు. మామిడితోపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరి నడకా నెమ్మదిస్తుంది. చెట్టు మొదట్లో కట్టిన గట్టు మీద ఒక టీచరు, ఎదురుగా నేల మీద చాపముక్కలు పరుచుకుని అర్ధచంద్రాకారంలో కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. గోడలూ తలుపులూ లేవు. అదే పాఠభవన్. ఇక్కడ ముందు పుట్టింది విశ్వవిద్యాలయం కాదు, బడి. 1901లో బడి మొదలైతే, ఇరవై ఏళ్ళ తరవాత, 1921లో దాని చుట్టూ విశ్వభారతి పెరిగింది. ఆ విశ్వభారతికి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. బడి మాత్రం చెట్ల కిందే ఉండిపోయింది.

ఈ బడిలో చదివిన ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఒక సంగతి రాశారు. ఒక విద్యార్థిని గురించి ఆమె టీచరు తనతో మాట్లాడుతూ, ఆ అమ్మాయికి మార్కులు చాలా బాగా వస్తాయి, అయినా లోతుగానే ఆలోచిస్తుంది అన్నారట! మార్కుల మీద ఇంత చిన్నచూపున్న బడి ఏడాదంతా దేని చుట్టూ తిరుగుతుందో తెలియాలంటే ఇక్కడి పండుగల పట్టిక చూడాలి. ఉగాది మొదలు హోలీ దాకా ప్రతి ఋతువుకూ ఒక ఉత్సవం ఉంది. ప్రతి ఉత్సవానికీ పాటలున్నాయి. మధ్యమధ్యలో మైదానంలో ఆటలు. మన బడుల్లో సంగీతం పీరియడు, డ్రిల్లు పీరియడు పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారి చేతికి పోతుంటాయి. ఇక్కడ పట్టికకు వెన్నెముకే అవి.

ఏటా అయిదు రూపాయల కౌలు

బడి కన్నా ముందు ఇక్కడ ఉన్నవి రెండు చెట్లు. రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ బీర్‌భూమ్ జిల్లాలోని ఈ ఎర్రమట్టి బీడు మీదుగా వెళుతూ ఛాతిమ్ చెట్ల నీడలో ఆగారు. ఛాతిమ్ అంటే మన ఏడాకుల పాల చెట్టే. చోటు ఆయన మనసుకు పట్టింది. 1863లో రాయ్‌పూర్ జమీందార్ల దగ్గర ఇరవై బిఘాల నేలను, ఏటా అయిదు రూపాయల చొప్పున శాశ్వత కౌలుకు తీసుకున్నారు. మన లెక్కలో ఆరున్నర ఎకరాలకు కాస్త ఎక్కువ. ధ్యానం చేసుకోవడానికి ఒక ఇల్లు కట్టించి దానికి శాంతినికేతన్ అని పేరు పెట్టారు. ఇంటి పేరే తరవాత ఊరి పేరైంది. 1891లో రంగురంగుల గాజుపలకలతో ఉపాసనా మందిరం లేచింది. బ్రహ్మసమాజపు గుడి కనుక లోపల విగ్రహం ఉండదు. ఆ గాజు గోడల మధ్య బుధవారం ప్రార్థన జరుగుతుంది. అందుకే ఇక్కడ వారం సెలవు ఆదివారం కాదు, బుధవారం.

1901 డిసెంబరు 22న, బెంగాలీ లెక్కలో పౌషం ఏడో తేదీన, రవీంద్రనాథ్ ఇక్కడ బ్రహ్మచర్యాశ్రమం పేరుతో ఈ బడి ప్రారంభించారు. పిల్లలు అయిదుగురే. వాళ్ళలో ఒకడు ఆయన పెద్దకొడుకు రథీంద్రనాథ్. బడి పెట్టిన మనిషికి చిన్నప్పుడు బడి అంటే సరిపడేది కాదు. ఎన్ని బళ్ళలో వేసినా నిలవలేదు. అలాగని కలకత్తాలోని జోడాసాంకో ఇంట్లో ఆయన బాల్యం ఖాళీగా గడవలేదు. తెల్లవారకముందే లేచి ఒంటికన్ను పహిల్వాను దగ్గర కుస్తీ పట్టాలి. ఒళ్ళంతా మట్టి కొట్టుకుని వచ్చేసరికి, పిల్లవాడి రంగు ఎక్కడ తగ్గిపోతుందోనని తల్లి బెంగపడి నలుగు పెట్టించేది. ఆ తరవాత పాఠాలు, జిమ్నాస్టిక్స్, పాటలు. ఈ వైనమంతా ఆయనే తన చిన్ననాటి జ్ఞాపకాల్లో రాసుకున్నారు. పొడుగాటి అంగీ, తెల్లగడ్డంతో మనకు తెలిసిన ఆ కవి వెనక తెల్లారగట్ల కుస్తీ పట్టిన కుర్రాడు ఒకడున్నాడు. శాంతినికేతన్ టైంటేబుల్ రాసింది సగం ఆ కుర్రాడే అనిపిస్తుంది.

ఇక్కడ పాఠాలు చెప్పిన ఆంగ్లేయుడు విలియం పియర్సన్ 1916లో ఈ బడి మీద ఒక చిన్న పుస్తకం వేశారు. అప్పటి దినచర్య అందులో కళ్ళకు కట్టినట్టు ఉంది. తెల్లవారుజామున పిల్లలే ఒక బృందంగా పాడుకుంటూ ఆశ్రమమంతా తిరిగి మిగతావాళ్ళను నిద్రలేపేవారు. గదులు ఊడ్చుకోవడం, ఆరుబయట కసరత్తు, స్నానం, కాసేపు ఒంటరిగా మౌనంగా కూర్చోవడం, అప్పుడు చదువు. ఎండ చల్లబడ్డాక మైదానానికి పరుగు. ఆశ్రమ కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ పిచ్చి జాస్తి. కలకత్తా నుంచి వచ్చిన జట్లనూ ఓడించేవారు. కొందరు పెద్ద పిల్లలు సాయంత్రాలు దగ్గరి సంతాల్ పల్లెలకు వెళ్ళి అక్కడి పిల్లలతో ఆడి, రాత్రిబడి నడిపి వచ్చేవారు. పడుకునే ముందు మళ్ళీ పాటల బృందం ఒక చుట్టు తిరిగేది. దానితో రోజు ముగిసేది. పొద్దున్నే పాడే ఆ పద్ధతిని వైతాలిక్ అంటారు. రాజులను మేలుకొలిపే వైతాళికుల పేరు అది. తరగతులకు ముందు పిల్లలంతా ఒకచోట చేరి పాడటం, పండుగనాడు చీకటి ఉండగానే పాడుతూ ఆశ్రమం చుట్టిరావడం ఇప్పటికీ ఉన్నాయి.

వీణ వచ్చింది పిఠాపురం నుంచి

రవీంద్రుడు రెండువేలకు పైగా పాటలు కట్టారు. వరస కట్టినంత సులువుగానూ మరిచిపోయేవారు. పాట పుట్టగానే అన్న మనవడు దినేంద్రనాథ్‌కు కబురు వెళ్ళేది. అతను వచ్చి నేర్చుకుని, స్వరం రాసి, సాయంత్రానికి పిల్లలకు నేర్పేవాడు. ఈరోజు బెంగాల్ అంతా పాడుతున్న పాటల్లో ఎన్నో మొదట పలికింది ఈ బడిపిల్లల గొంతుల్లోనే. పాటల్ని భద్రంగా దాచిన దినేంద్రనాథ్ ఆ తరవాత ఇక్కడి సంగీత భవన్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు.

ఈ కథలో మనవాళ్ళ పాత్ర చిన్నది కాదు. 1918లో రవీంద్రుడు పిఠాపురం వచ్చినప్పుడు ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణ విన్నారు. ఆ నాదానికి ముగ్ధులై శాస్త్రిగారిని శాంతినికేతన్ రప్పించుకున్నారు. బెంగాలీ పిల్లలు కొందరు ఆయన దగ్గర వీణ పట్టారు. తరవాతి కాలంలో దక్షిణాది నుంచి వచ్చిన సావిత్రి అనే విద్యార్థిని పాడే కర్ణాటక కీర్తనలు రవీంద్రుడిని కదిలించాయి. వాటి వరసల మీద ఆయన బెంగాలీ పాటలు అల్లారు. అలా సింహేంద్రమధ్యమం రాగంలోని మన ‘నీదు చరణములే’ వరస ఒక రవీంద్ర సంగీతంగా మారింది. దీక్షితులవారి ‘మీనాక్షీ మే ముదం’ వరస వసంతగీతమైంది. కవి రాయప్రోలు సుబ్బారావు, ఆ తరవాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడి నీడలో గడిపి వెళ్ళినవారే. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలలో మార్గరెట్ కజిన్స్ సాయంతో ‘జనగణమన’కు స్వరలిపి కుదిరిన సంగతి తెలుగువాళ్ళకు తెలిసిందే. మన బడుల్లో రోజూ వినిపించే 52 సెకన్ల గీతానికీ ఈ మామిడితోపుకూ ఉన్న బంధం అది.

డ్యాన్సు కాదు, డ్రిల్లు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మంచి ఇళ్ళ పిల్లలు నాట్యం చేస్తారంటే కలకత్తా పెద్దమనుషులు ఒప్పుకునే రోజులు కావు. 1919 నవంబరులో సిల్హెట్ వెళ్ళిన రవీంద్రుడు మణిపురి నృత్యం చూసి, దాన్ని తన బడికి తేవాలనుకున్నారు. త్రిపుర రాజుగారి సాయంతో బుద్ధిమంత సింగ్ అనే గురువు వచ్చాడు. ఎవరికీ అనుమానం రాకుండా దాన్ని నాట్యం అనకుండా, మృదంగం దెబ్బకు చేసే వ్యాయామం అన్నారు. మగపిల్లలు వరసలో నిలబడి తాళానికి అడుగులు వేశారు. డ్రిల్లు ముసుగులో నాట్యం గడప దాటింది. కొన్నేళ్ళకు ఇంకో గురువు నవకుమార్ సింగ్ ఆడపిల్లలకు నేర్పాడు. 1926లో ‘నటీర్ పూజ’ అనే నాటకం ఆడారు. ముఖ్యపాత్రలో చిత్రకారుడు నందలాల్ బోస్ కూతురు గౌరి నాట్యం చేసింది. మరుసటి ఏడాది కలకత్తాలో ప్రదర్శించినప్పుడు ఎవరూ నోరెత్తకుండా రవీంద్రుడే భిక్షువు వేషం కట్టి వేదిక మీద నిలబడ్డారు. ఆ దారిలోనే తరవాత చిత్రాంగద, చండాలిక, శ్యామ నృత్యనాటకాలు వచ్చాయి.

నాట్యం డ్రిల్లు పేరుతో వస్తే, జూడో పాటతో వచ్చింది. 1905 ప్రాంతంలోనే సానో అనే జపాన్ గురువు ఇక్కడి పిల్లలకు జుజుత్సు నేర్పాడు. 1929లో రవీంద్రుడు టోక్యోలోని కొడొకాన్ సంస్థలో ఆరితేరిన తకగాకి షింజోను రప్పించారు. దేశంలో జూడో అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజులు. శాంతినికేతన్‌లో అబ్బాయిలతో పాటు అమ్మాయిలూ నడుముకు బెల్టు బిగించి, ఎదుటి మనిషిని ఒడుపుగా ఎత్తి పడేయడం నేర్చుకున్నారు. 1931లో కలకత్తా న్యూ ఎంపైర్ థియేటర్లో జనం ముందు జూడో ప్రదర్శన పెట్టినప్పుడు ఆరంభంలో పాడటానికి రవీంద్రుడు ఒక పాట ఇచ్చారు. జంకు విడిచి నిలబడు, నిన్ను నువ్వు కించపరచుకోకు అన్నది దాని సారం. ఇవాళ బెంగాల్‌లో ధైర్యం చెప్పాల్సిన ప్రతి సభలోనూ వినిపించే ఆ పాటకు జూడోతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు.

ఆ జూడో నేర్చుకున్న అమ్మాయిల్లో అమిత ఒకరు. సంస్కృత పండితుడు క్షితిమోహన్ సేన్ కూతురు. ఆవిడే కలకత్తా వేదికల మీద రవీంద్రుడి నృత్యనాటకాల్లో ముఖ్యపాత్రలు వేసింది. 1933లో ఆమెకు కొడుకు పుడితే అమర్త్య అని పేరు పెట్టింది రవీంద్రుడే.

గోనెసంచిలో కాలివేళ్ళు

పాటలోనూ ఆటలోనూ ఆరితేరిన తల్లికి పుట్టిన అమర్త్యకు ఆ రెండూ అబ్బలేదు. ఆయన ఆత్మకథలో దీన్ని దాచుకోకుండా నవ్వుతూ రాశారు. 1941లో ఢాకా బడి వదిలి ఇక్కడ చేరాక సంగీతం నేర్పింది కణికా బంద్యోపాధ్యాయ్. పిల్లలందరికీ ఆమె ‘మోహర్ ది’. ఈ బడిలో ఉపాధ్యాయులను సారు, మేడమ్ అనరు. పేరు చివర ‘దా’ చేరిస్తే అన్నయ్య, ‘ది’ చేరిస్తే అక్కయ్య. పాట రాని మనిషంటూ ఉండడనీ, సాధన చేస్తే అందరికీ వస్తుందనీ మోహర్ ది నమ్మకం. కుర్రాడు నిజంగానే చెమటోడ్చి సాధన చేశాడు. నెల గడిచాక ఇంకోసారి పాడించుకుని విన్న ఆ మహాగాయని చేతులెత్తేసి, ఇక సంగీతం క్లాసుకు రానక్కరలేదని చెప్పేసింది. పాట పాడటం రాకపోయినా వినడం మాత్రం ఆ చెట్ల కింద బాగా అబ్బిందంటారు సేన్.

ఇక ఆటలు. ఫుట్‌బాల్, క్రికెట్ ఆయనకు అంతంతమాత్రమే. పరుగుపందెం సరేసరి. ఒక్క గోనెసంచి పందెంలో మాత్రం ఆయన ఒక చిట్కా కనిపెట్టాడు. అందరూ సంచి అంచులు పట్టుకుని కప్పల్లా గెంతుతారు, నాలుగు గెంతుల్లో బోర్లా పడతారు. ఇతను గెంతడం మానేశాడు. సంచి అడుగున రెండు మూలలుంటాయి కదా, ఒక్కో మూలలో ఒక్కో కాలి వేళ్ళు దోపి బిగించి, అడుగుల్ని జరుపుకుంటూ పోయాడు. పడిపోయే ప్రమాదం తగ్గింది. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఉదయం అక్కడ జరిగిన వేడుకలో పెట్టిన ఆట అదొక్కటే. స్వతంత్ర భారతం తొలిరోజున ఆ బడికి క్రీడావిజేత అమర్త్య సేన్! 1998లో నోబెల్ అందుకున్న మనిషి తన క్రీడాజీవితపు శిఖరం మాత్రం ఆ ఉదయమేనని చెప్పుకుంటారు.

ఈ పిట్టకథ నవ్వు తెప్పించినా బడి తీరు ఇందులోనే ఉంది. పాట రాని పిల్లవాడికీ పాటల మధ్యే పదేళ్ళు గడిచాయి, పరిగెత్తలేని పిల్లవాడికీ మైదానంలో ఒక మూల దొరికింది. గెలిచేవాళ్ళను ఏరి మిగతావాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టే పని ఇక్కడ ఎవరూ పెట్టుకోలేదు.

వానకు, మంచుకు, మోదుగకు

ఇప్పుడు ఏడాది పొడవునా ఒకసారి నడిచి వద్దాం. బెంగాలీ వాళ్ళది సౌరమానం కనుక వాళ్ళ వైశాఖం ఏప్రిల్ మధ్యలో, పౌషం డిసెంబరు మధ్యలో మొదలవుతాయి. వైశాఖం ఒకటో తేదీన వాళ్ళ ఉగాది. వేకువ వైతాలిక్‌తో కొత్త ఏడాది మొదలవుతుంది. రవీంద్రుడి పుట్టినరోజు వైశాఖం ఇరవై అయిదు. అయితే ఆ నాటికి ఎండలు మండిపోయి, బావుల్లో నీళ్ళు అడుగంటి, పిల్లలు సెలవులకు వెళ్ళిపోయేవారు. అందుకని 1936 నుంచి ఆ వేడుకను కూడా ఉగాది నాడే కలిపి చేసుకున్నారు. నీటి ఎద్దడి ఒక మహాకవి జయంతిని ముందుకు జరిపింది!

సెలవులు అయ్యేసరికి వానలు. చెట్ల కింది తరగతులు వాన పడితే వరండాల్లోకి మారతాయి. మైదానం బురదయ్యే రోజులు కనుక ఫుట్‌బాల్ ఊపందుకుంటుంది. ఈ కాలపు పండుగలు వర్షామంగళ్, వృక్షారోపణ్. మొదటిది వాన పాటల సభ. రెండోది మొక్క పెళ్ళి అనదగ్గ వేడుక. 1928 జులై 14న తొలిసారి జరిగింది. అలంకరించిన పల్లకిలో ఒక చిన్న పొగడ మొక్కను పెట్టి మోశారు. శంఖాలు ఊదుతూ, పాడుతూ అమ్మాయిలు ఊరేగింపుగా నడిచారు. నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం తలా ఒకటిగా వేషం కట్టిన అయిదుగురు పిల్లలు మొక్క ముందు నిలబడ్డారు. రవీంద్రుడు పంచభూతాల మీద తాను రాసిన పద్యాలు చదివి, ఆ మొక్కను చల్లగా చూడమని ఒక్కొక్క భూతాన్నీ వేడుకున్నారు. మొక్కల్ని ప్రాణంగా చూసుకునే ‘బలాయ్’ అనే పిల్లవాడి కథ కూడా ఆనాడే చదివి వినిపించారు. మరునాడు పక్కనున్న శ్రీనికేతన్‌లో హలకర్షణ్, అంటే మన ఏరువాక. కవి స్వయంగా మేడి పట్టారు. 1941 ఆగస్టు 7న ఆయన కన్నుమూశాక మొక్కలు నాటే పండుగ ఆయన వర్ధంతికి, శ్రావణం 22కు మారింది. పోయిన మనిషి కోసం ఏటా ఒక మొక్క నాటి పాట పాడతారు.

దసరా ముందు శరదుత్సవం. తరగతుల వారీగా పిల్లలు నాటకాలు వేస్తారు. మహాలయ నాడు ‘ఆనంద బజార్’ పేరుతో ఒక రోజు సంత పెడతారు. తాము చేసిన బొమ్మలు, వండిన తినుబండారాలు అరిచి అరిచి అమ్ముతారు. ఆ లాభం సేవాపనులకు. నాటకాలు, పాటల సభలు ఎక్కువగా జరిగే ఆరుబయలు పేరు గౌర్ ప్రాంగణ్. ఇదే బడిలో చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి, మోహన్ బగాన్ జట్టుకు ఫుట్‌బాల్ ఆడిన గౌర్‌గోపాల్ ఘోష్ పేరు మీద అది వెలిసింది. పాటల వేదికకు ఆటగాడి పేరుండటం ఈ ఊళ్ళో వింత కాదు. దాని ఎదుట సింహ సదన్, దాని మీద గడియారం, గంట. బడి గంట అక్కడి నుంచే. 1940 ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పెద్దలు రవీంద్రుడికి గౌరవ డాక్టరేటు తెచ్చి ఇచ్చింది ఈ సింహ సదన్‌లోనే. ఏ సభలోనైనా పాట బాగుంటే చప్పట్లు కొట్టడం ఇక్కడి ఆచారం కాదు. ‘సాధు, సాధు’ అంటారు. మంగళవారం సాయంత్రం పిల్లలే నడిపే సాహిత్య సభలోనూ అంతే. తెల్లవారితే సెలవు కనుక ఆ సాయంత్రం సొంత కథలు, కవితలు, పాటలతో తీరిగ్గా సాగుతుంది.

చలికాలం ఆటలకు అసలు అదను. ఎర్రమట్టి మైదానంలో వార్షిక క్రీడలు ఈ కాలంలోనే. పౌషం ఏడున బడి పుట్టినరోజు, ఊరి పెద్ద పండుగ. బడి కన్నా ముందే, 1894 నుంచే, ఆ తేదీల్లో ఇక్కడ మేళా సాగుతోంది. మంచులో వైతాలిక్, ఛాతిమ్ చెట్ల కింద ప్రార్థన, ఆపైన ఏక్‌తారా మీటుతూ బావుల్ గాయకులు. డిసెంబరు 25 సాయంత్రం గాజు మందిరంలో కొవ్వొత్తులు వెలిగించి క్రీస్తును తలుచుకుంటూ పాడతారు. మార్చి 10కి మరో ప్రత్యేకత ఉంది. 1915లో గాంధీజీ ఇక్కడికి వచ్చినప్పుడు వంట, శుభ్రం పనులు మీరే ఎందుకు చేసుకోకూడదని పిల్లల్ని అడిగారు. పిల్లలు ఉత్సాహంగా దిగారు. ఆ పద్ధతి రోజూ సాగలేదు కానీ, ఆ రోజును ‘గాంధీ పుణ్యాహ్’ పేరుతో ఇప్పటికీ పాటిస్తారు. వంటవాళ్ళకు, ఊడ్చేవాళ్ళకు ఆ రోజు సెలవు. చీపుర్లు, గరిటెలు పిల్లల, ఉపాధ్యాయుల చేతుల్లో ఉంటాయి.

మోదుగ పూసే వేళకు ఏడాది చివరి పండుగ వసంతోత్సవం. దీన్ని మొదలుపెట్టింది కవి కాదు, ఆయన చిన్న కొడుకు శమీంద్రనాథ్. 1907లో శ్రీపంచమి నాడు తోటి పిల్లల్ని పోగేసి, కొందరిని వసంతంగా, కొందరిని వానగా ముస్తాబు చేసి ‘ఋతు ఉత్సవం’ జరిపాడు. అదే ఏడు నవంబరులో, పదకొండో ఏట, ముంగేర్‌లో కలరాతో చనిపోయాడు. పిల్లవాడు ఆడుకున్న ఆటను బడి వదులుకోలేదు. క్రమంగా అది హోలీ పున్నమికి మారింది. పసుపుపచ్చని బట్టలతో పాడుతూ, ఆడుతూ సాగే ఊరేగింపు అయ్యాకే రంగులు. లక్షల్లో జనం వచ్చిపడటంతో ఇటీవలి ఏళ్ళలో విశ్వభారతి ఈ పండుగను తన వాళ్ళ వరకే ఉంచుకుంది.

వెళ్ళాలంటే...

2023 సెప్టెంబరు 17న యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. మన దేశంలో ఇది 41వది. 36 హెక్టార్ల మేర మామిడితోపు, మందిరం, పాత ఇళ్ళు, బడి ఆవరణ అందులోకి వస్తాయి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరితే, అక్కడి నుంచి బోల్‌పూర్ దాదాపు 150 కిలోమీటర్లు. శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్, గణదేవత ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్ళలో రెండున్నర, మూడు గంటల ప్రయాణం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మేళా రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందే చూసుకోవాలి. బుధవారం వెళ్ళకండి, రవీంద్ర భవన్ మ్యూజియం మూసి ఉంటుంది. తరగతులు జరిగే వేళ బడి ఆవరణలోకి బయటివాళ్ళను పోనివ్వరు. దారి మీది నుంచి చూడవచ్చు. పిల్లల ఫొటోలు తీయకపోవడం మర్యాద. వెళ్ళే ముందు విశ్వభారతి వెబ్‌సైట్‌లో వేళలు, టికెట్లు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

చూసి వచ్చాక మన ఊరి హైస్కూలు గుర్తుకు రాక మానదు. రవీంద్రుడు మనకు ఉండరు, నందలాల్ బోస్ ఉండరు, నిజమే. కానీ ఈ బడి ఏడాది పట్టికలో డబ్బుతో కొనాల్సినవి ఎన్ని? మొక్క నాటే రోజుకు ఒక పాట, వారానికి ఒక సాయంత్రం పిల్లలే నడిపే సభ, ఆయాలకూ వంటమ్మలకూ ఏడాదికి ఒక సెలవు, పరుగు రాని పిల్లవాడి కోసం ఒక గోనెసంచి పందెం. పంద్రాగస్టుకు ముందు వారం రోజులు మాత్రమే ఆటల గది తాళం తీసే హెడ్మాస్టర్లు ఈ పట్టికను ఒకసారి చూస్తే చాలు. కావలసిందల్లా సంగీతం పీరియడు సంగీతానికి, ఆటల పీరియడు ఆటలకు వదిలేయడం.